పాడుబడ్డ గోడకీ పహరా

పాడుబడ్డ భవనాన్ని ఫోటో తీసుకోవడానికి అనుమతి అడగటం పైకి చాలా చిన్న సంగతి. ఒక అర్జీ, ఒక సంతకం, ఒక ముద్ర. కాని విశాఖపట్నంలో ఆ అర్జీ పట్టుకుని నాలుగు ఆఫీసులు తిరిగినవాడికి తెలుస్తుంది దాని బరువెంతో. ఈ ఊళ్లో నాకూ ఒక గతం ఉందని చెప్పుకోవడానికి ఇజాజత్ అడుగుతున్నట్టుంటుంది. కొందరికది అడక్కుండానే దొరుకుతుంది. కొందరికి పేరు చెప్పగానే ఆగిపోతుంది. మన చరిత్ర మనమే రాసుకోవాలనుకుంటున్న ఈ రోజుల్లో ముందుగా తేల్చుకోవలసింది ఈ తేడా సంగతే.

విశాఖ రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలున్నాయి. రాస్ కొండ మీద మేరీమాత చర్చి, ఇంకో కొండ మీద వెంకటేశ్వరుడి గుడి, దర్గా కొండ మీద ఇసాక్ మదీనా దర్గా. రేవులోకి వచ్చే ఓడలు ఒకప్పుడు దర్గాకి జెండా దించి సలాము చేసేవని చెబుతారు. మూడు మతాల కొండలని ఊరు గర్వంగా చెప్పుకుంటుంది. కరపత్రం మీద బొమ్మగా మనం అందరికీ ఇష్టమే. కొండ దిగి పాతపట్నం సందుల్లోకి వస్తే, కప్పు కూలిన గోదాములు, తలుపులు ఊడిన బంగళాలు, రావి మొలిచిన గోడలు. వాటి ముందు కెమెరా తీసిన ముస్లిం అదే ఊళ్లో ఇంకో మనిషైపోతాడు.

కొంచెం వెనక్కి పోదాం. 1680ల్లో ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ వర్తకశాల పెట్టేనాటికి ఈ తీరం గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉంది. పాలన చికాకోలు నుంచి, అంటే నేటి శ్రీకాకుళం నుంచి సాగేది. అక్కడి జామియా మసీదుని ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించాడు. తర్వాత మొగలాయీలు, నిజాం, ఫ్రెంచివాళ్లు, మళ్లీ ఇంగ్లీషువాళ్లు. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలోని కంపెనీ సిపాయిలు, హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసు వెళ్లే ఓడ ఎక్కమని మొండికేశారు. తిరగబడి తెల్ల అధికారుల్ని కాల్చారు. 1857కి 77 ఏళ్ల ముందు మాట ఇది. మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

విశాఖలో ఇంగ్లీషువాళ్ల పాత సమాధులున్నాయి. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి. రాళ్ల మీద పేర్లు, తారీఖులు, వంశ చిహ్నాలు. ఎవరు ఫోటో తీసినా అది వారసత్వ యాత్రే. ఆ తిరుగుబాటు సిపాయిల పేర్లు చెక్కిన రాయి నా కంటికి ఒక్కటీ కనబడలేదు. ఏలినవాడు చచ్చి కూడా పేరు మిగుల్చుకున్నాడు. తిరగబడ్డవాడు గడ్డి కింద పోయాడు. రాయి లేనివాడికి మిగిలేది గోడ. ఆ గోడ కూలేలోగా ఒక ఫోటో. అందుకే పాడుబడ్డ గోడలంటే నాకింత తాపత్రయం.

చట్టం ఏమంటుంది? రోడ్డు మీద నిలబడి ఒక భవనం బయటివైపు ఫోటో తీసుకోవడానికి మామూలుగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. కట్టడాన్ని ఫోటో తీయడం కాపీరైటు ఉల్లంఘన కాదని 1957 నాటి చట్టమే చెబుతోంది. లోపల అడుగుపెట్టాలంటే మాత్రం యజమాని ఒప్పుకోవాలి. లేకపోతే అక్రమ ప్రవేశం. ఇంతవరకు అందరికీ ఒకటే న్యాయం.

విశాఖలో ఇంకో చట్టం నీడ ఉంది. 1923లో ఇంగ్లీషువాడు చేసిన అధికార రహస్యాల చట్టం. నౌకాదళం స్థలాలు, సైనిక కట్టడాలు, ప్రభుత్వం ప్రకటించిన మరికొన్ని చోట్లు నిషిద్ధ ప్రదేశాలు. 1933లో రేవు తెరుచుకుంది. 1942 ఏప్రిల్‌లో జపానువాళ్లు బాంబులు వేశారు. తర్వాత తూర్పు నౌకాదళం ఇక్కడే స్థావరం పెట్టింది. కాపలా ఉండవలసిందే, కాదనను. దేశ రక్షణ మనకూ రక్షణే. కాని ఆ చట్టం మూడో సెక్షన్లో ఒక మాట ఉంది. ఫలానా చెడ్డ పని చేశాడని ప్రత్యేకంగా చూపించక్కర్లేదు. పరిస్థితుల్ని బట్టి, నడవడిని బట్టి, రుజువైన అతని స్వభావాన్ని బట్టి ఉద్దేశం చెడ్డదని తేల్చవచ్చు. స్వభావం కోర్టులో రుజువు కావాలని చట్టం అంటుంది. వీధిలో అంత ఓపిక ఎవరికి? అక్కడ పేరే స్వభావం.

ఒకసారి పాతపట్నంలో కప్పులేని గోదాము ముందు నేనూ, నా మిత్రుడూ నిలబడ్డాం. మిత్రుడు ముస్లిం కాదు. ఇద్దరి చేతుల్లోనూ కెమెరాలే. కాపలా మనిషి వచ్చి, "ఏటి బాబూ, ఏటి తీస్తన్నారు?" అని మర్యాదగానే అడిగాడు. పేర్లు చెప్పాం. ఆ తర్వాత ప్రశ్నలన్నీ నాకే. ఎక్కణ్ణించి వచ్చావు, ఎవరు పంపారు, ఫోన్ చూపించు. ఒక్క నిమిషంలో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. అతని మీద నాకు కోపం లేదు. ఆ అనుమానం అతను సొంతంగా సంపాదించుకున్నది కాదు. సినిమాలు నేర్పాయి, టీవీలు నేర్పాయి, మా పత్రికలూ నేర్పాయి.

2019 డిసెంబరులో గూఢచర్యం కేసులో నౌకాదళ సిబ్బంది ఏడుగురు అరెస్టయ్యారు. 'డాల్ఫిన్స్ నోస్' అని మన కొండ పేరే ఆ దర్యాప్తుకి పెట్టారు. కేసు సాగిన కొద్దీ నిందితుల్లో హిందువుల పేర్లూ వచ్చాయి, ముస్లింల పేర్లూ వచ్చాయి. ద్రోహానికి మతం లేదని తెలుసుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? అయినా కేసు తర్వాత వీధిలో ఎవరి చేతిలోని కెమెరా ఎక్కువ అనుమానంగా కనబడిందో వేరే చెప్పాలా?

ఒకప్పుడు ఇలా లేదు. రూర్కీలో ఇంజనీరింగు చదివిన జైనుడు లాలా దీన్‌దయాళ్‌ని 1880ల్లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరుగా పెట్టుకున్నాడు. 'ముసవ్విర్ జంగ్' అని బిరుదిచ్చాడు. దర్బారులు, కోటలు, మహళ్లు అన్నీ ఆయన కెమెరాకి తెరుచుకున్నాయి. రాజుల కాలం మంచిదని నేననను. పేదవాడికి ఆ తలుపులు ఎప్పుడూ తెరుచుకోలేదు. కాని ఒక ముస్లిం ప్రభువు తన రాజ్యం బొమ్మని ఇంకో మతం మనిషి చేతికిచ్చాడు. ఈనాటి హైదరాబాదు తన పాత ముఖాన్ని ఆ ఫోటోల్లోనే చూసుకుంటోంది.

మరి ఇప్పుడు అనుమతి ఎలా అడగాలి? మొదటి చిక్కు యజమాని ఎవరో తేలకపోవడం. రేవుదా, రైల్వేదా, కార్పొరేషన్‌దా, రెవెన్యూదా, వక్ఫు బోర్డుదా, మిషన్‌దా, జమీందారు వారసులదా? ఒక్కొక్కరు ఇంకొకరి వైపు చూపిస్తారు. కాబట్టి ముందు సర్వే నంబరు పట్టుకోవాలి. రెవెన్యూ రికార్డు చూడాలి. రోజు, వేళ, ఏ వైపు నుంచి తీస్తాం, ఎందుకు తీస్తాం, అన్నీ కాగితం మీద పెట్టి నకలు మీద ముద్ర వేయించుకోవాలి. స్థానిక పోలీసుస్టేషన్‌కి కబురు చెప్పాలి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. కాదంటే కాదనే రాసివ్వమని అడగాలి. నోటిమాటగా కాదన్నదానికి సాక్ష్యం ఉండదు.

ఇంత శ్రమ ఎందుకంటారా? 2025లో వక్ఫు చట్టం సవరించారు. తరతరాల వాడుకని బట్టి ఒక స్థలాన్ని వక్ఫుగా గుర్తించే పద్ధతి ఇకముందు లేదన్నారు. ఆ జూన్‌లో తెరిచిన 'ఉమీద్' పోర్టల్‌లో ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలల్లో ఎక్కించాలన్నారు. వాడుక ఒక్కటే సాక్ష్యంగా బతికిన ఖబరిస్తాన్లూ, నమాజు ఆగిపోయిన చిన్న మసీదులూ కాగితం ఎక్కణ్ణించి తేవాలి? తారీఖు వేసిన పాత ఫోటో ఒక్కటే హక్కు ఇవ్వదు. కాని ఇక్కడ ఏమీ లేదు అన్నవాడి ముందు అదొక నోరున్న సాక్షి. మన మసీదుల కమిటీలు కూడా ఇది గ్రహించాలి. మన పెద్దలు కొందరు తస్వీరంటే ముఖం చిట్లిస్తారు, ఆడపిల్ల కెమెరాతో వస్తే గేటు వేసేస్తారు. బయట అనుమతి అడిగే మనం లోపల అనుమతి ఇవ్వడం కూడా నేర్చుకోవాలి.

ఇది మన ఒక్కరి గొడవే అనుకుంటే పొరపాటు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 20 వేల ఎకరాలకు పైగా భూమి పోయింది, ఊళ్లకు ఊళ్లు లేచిపోయాయి. ఊరు పోతే గుడీ పోతుంది, మాలపల్లీ పోతుంది, పీర్ల చావిడీ పోతుంది. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో ప్రాణాలిచ్చారు. ఆ హక్కు కింద ఎవరి ఇల్లు ఉండేదో చూపించే ఫోటో నిర్వాసితుల్లో ఎందరి దగ్గర ఉంది? రేవు పనులకి తీరం వదిలిన పల్లెకారుడికీ, ఉక్కుకి ఊరిచ్చిన దళితుడికీ, పేరు చెప్పగానే ఆగిపోయే ముస్లింకీ అడగవలసిన ప్రశ్న ఒకటే. మా గతాన్ని మేం చూసుకోవడానికి మీ ముద్ర ఎందుకు?

అర్జీలు పెడదాం, కలిసి పెడదాం. ఒక్క సాయిబు పేరుతో వెళితే ఆగే కాగితం, నాలుగు పేర్లతో వెళితే కదలవచ్చు. ఫోటో వెనక తారీఖు, చోటు, ఆ గోడ గురించి పక్కింటి ముసలామె చెప్పిన ముచ్చట తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి పెడదాం. వానకి గోడ ఎలాగూ కూలుతుంది. అది ఉండేదా లేదా అన్న తగాదా వచ్చిన రోజున, ఉండేది అని చూపించడానికి మన చేతిలో ఏదో ఒకటి ఉండాలి.