సకోకు
జపాన్‌లో తోకుగావా వంశపు షోగున్లు (సైనిక పాలకులు) 17వ శతాబ్దం నుంచి 1850ల దాకా విదేశీ వర్తకం, రాకపోకలపై అమలు చేసిన కట్టడి విధానం సకోకు. క్రైస్తవ వ్యాప్తికి జంకిన షోగున్ ఇయెమిత్సు 1635లో జపానీయుల విదేశయానాన్ని నిషేధించి, 1639లో పోర్చుగీసు ఓడల రాకను ఆపించాడు. ‘తాళం వేసిన దేశం’ అనే అర్థమిచ్చే ఈ మాట 1801లో జపాన్ పండితుడు షిజుకి తదావో చేసిన అనువాదంతో పుట్టింది. దాన్ని అక్షరాలా నమ్మడం పొరపాటు. నాగసాకిలో చీనావారు, 1641 నుంచి అక్కడి దెజిమా దీవిలో డచ్చివారు వర్తకం సాగించారు. సుషిమా దీవి ద్వారా కొరియాతో, సత్సుమా సంస్థానం ద్వారా ర్యూక్యూ రాజ్యంతో లావాదేవీలు నడిచాయి. అలాగైతే 1853లో అమెరికా నౌకాదళాధికారి పెర్రీ తెచ్చిన నాలుగు యుద్ధనౌకలు అంత కలవరం ఎందుకు రేపాయన్న ప్రశ్న న్యాయమైనదే. అప్పటిదాకా ఎవరిని రానివ్వాలో షోగున్ నిర్ణయించేవాడు. పెర్రీ రాకతో ఆ అధికారానికే ముప్పు వచ్చింది. 1854 ఒప్పందం షిమోదా, హకోదాతే రేవులను అమెరికా ఓడలకు తెరిచింది. స్వేచ్ఛావర్తకం మాత్రం 1858 ఒప్పందంతోనే వచ్చింది. దాంతో సుంకాలను సొంతంగా నిర్ణయించుకునే హక్కూ జపాన్ చేజారింది.