ఫీడ్ (ఆంగ్ల క్రియ)

ఫీడ్ అనేది ఆంగ్ల భాషలోని ఒక క్రియ. తిండి పెట్టడం, తినిపించడం, మేపడం దీని వాచ్యార్థాలు. యంత్రానికి కావలసినది అందించడం, చిన్న ప్రవాహాన్ని పెద్ద ప్రవాహంలో కలపడం, విషయాన్ని నోటికి అందించడం మొదలైనవి లక్ష్యార్థాలు. హైదరాబాదు తూర్పు భాగాన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలు శిక్షణా సంస్థలకు మరియు విద్యార్థుల వసతి గృహాలకు పేరుపొందినవి. ఈ మాట అక్కడి తెలుగు సంభాషణలోనే పలు రూపాలలో వినిపిస్తుంది కనుక కొన్ని ఉదాహరణలు అక్కడివే.

వ్యుత్పత్తి

దీని మూలం ప్రాచీన ఆంగ్లంలోని 'ఫేడన్'. ఆహారం అనే అర్థంగల 'ఫుడ్' కూడా ఈ ధాతువు నుండే వచ్చింది. బ్లడ్ నుండి బ్లీడ్, బ్రూడ్ నుండి బ్రీడ్ ఏర్పడినవి కూడా ఇదే పద్ధతిలో. భూతకాల రూపం 'ఫెడ్'. 'ఫీడెడ్' అనడం తప్పు.

వాచ్యార్థం

తినేది ఎవరు అన్న భేదాన్ని ఈ క్రియ పాటించదు. తెలుగు పాటిస్తుంది. పసిబిడ్డకు పాలు పడతారు, పిల్లవానికి అన్నం తినిపిస్తారు, అతిథికి భోజనం పెడతారు, పశువును మేపుతారు, కుటుంబాన్ని పోషిస్తారు. ఈ ఐదింటికీ ఆంగ్లంలో ఫీడ్ చాలు. అందువలన నిఘంటువులో కనిపించిన మొదటి అర్థాన్ని అన్నిచోట్లా వాడితే ప్రమాదం. 2014లో హైదరాబాదు మహానగర పాలక సంస్థ ప్రారంభించిన 5 రూపాయల భోజన పథకం గురించి ఆంగ్లంలో ఫీడ్ అని నిస్సంకోచంగా వ్రాయవచ్చు. తెలుగులో 'పేదలకు అన్నం పెట్టడం' అనాలే తప్ప 'మేపడం' అంటే అవమానం. అధికారిని మేపాడంటే లంచమిచ్చాడనే కదా!

అకర్మకంగా వాడినప్పుడు మాత్రం ఆంగ్లం కూడా కొంత జాగ్రత్తపడుతుంది. పశుపక్ష్యాదులు, పసిపిల్లలు 'ఫీడ్' అవుతారు. పెద్దలకు 'ఈట్' వాడాలి. నామవాచకంగా ఫీడ్ అంటే మేత లేదా దాణా.

లక్ష్యార్థాలు

వీటిలో ఈ ప్రాంత విద్యార్థులకు బాగా పరిచయమైనది 'స్పూన్ ఫీడింగ్'. చెంచాతో తినిపించడం అని పదార్థం. విద్యార్థి స్వయంగా ఆలోచించే అవసరం లేకుండా జవాబులన్నీ సిద్ధం చేసి ఇవ్వడం అని భావం. దీనికి 'గోరుముద్దలు తినిపించడం' అనే అనువాదం సరిపడినట్లే కనిపిస్తుంది గాని, తెలుగులో గోరుముద్ద వాత్సల్యానికి గుర్తు. ఆంగ్ల పదంలో ఉన్నది ఆక్షేపణ. ముద్ద పెట్టేవారిని ఆంగ్లం తప్పుపడుతున్నదన్న సంగతి ఆ అనువాదంలో పోతుంది. 'నమిలి నోట్లో పెట్టడం' అనే పలుకుబడి దీనికి చాలా దగ్గర.

"నా నంబరు ఫీడ్ చేసుకో" అనేది మరొక వాడుక. ఇది భారతదేశపు ఆంగ్లం. ఇతర దేశాల ఆంగ్లంలో ఫోనులో నంబరును 'సేవ్' చేస్తారు. ఇంగ్లీషు మాట్లాడడం నేర్చుకునేవారు ఈ తేడా గమనించాలి, అయితే ఇక్కడ మాట్లాడుకునేటప్పుడు దీనిని తప్పనవలసిన పని లేదు.

ప్రవాహార్థంలో వచ్చిన పదం ఫీడరు. విద్యుత్ ఉపకేంద్రం నుండి వీధులకు కరెంటు తెచ్చే 11 కె.వి. తీగమార్గం ఫీడరు. అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మెట్రో మార్గం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది; ఇటువంటి స్టేషన్లకు కాలనీల నుండి ప్రయాణికులను చేర్చే బస్సులను ఫీడరు బస్సులంటారు. ఉపనది పెద్ద నదికి నీరు అందించినట్లే ఇది కూడా. 2006లో ఫేస్‌బుక్ ప్రవేశపెట్టిన 'న్యూస్ ఫీడ్' తరువాత, ఫోనులో ఎడతెగక వచ్చే సమాచారాన్ని ఫీడ్ అనడం సామాన్యమైంది.

జాతీయాలు

'ఫెడ్ అప్' అంటే కడుపు నిండడం కాదు, విసిగిపోవడం. అన్నం పెట్టిన చేతిని కరవడం అనే ఆంగ్ల జాతీయానికి తెలుగులో 'తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం' సరిపోతుంది. ఆంగ్లంలో ద్రోహం చేతికి, తెలుగులో ఇంటికి.