వంటగది పనులు.. కొలతలోనే లాభనష్టాలు

అంగళ్లు (కురబలకోట): వంటగదుల మార్పు, గృహాలంకరణ పనులు చేపట్టే చిన్న వ్యాపారికి లాభనష్టాలు తొలి కొలతలోనే తేలిపోతాయి. ప్లైవుడ్ షీటు సాధారణంగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అనగా 32 చదరపు అడుగులు ఉంటుంది. కోతలను ముందుగా కాగితంపై గీసుకోకపోతే ముక్కలు వృథాయై రాబడి హరించుకుపోతుంది. తడి తగిలే సింకు కింద ఐ.ఎస్.710 ప్రమాణం గల మెరైన్ రకం వాడాలి. పొడి అరలకు ఐ.ఎస్.303 రకం సరిపోతుంది. గట్టుకు కుప్పం ప్రాంతపు గ్రానైటు ఉండనే ఉంది.

పాత గట్టు పగులగొట్టడానికి ముందే పని వివరాలు, ధర, గడువు, వాయిదాలు రాసుకొని ఇరుపక్షాలు సంతకాలు చేయడం శ్రేయస్కరం. చివరి వాయిదా నిలిచిపోతే వ్యాపారి లాభమే కాదు, పనివారి కూలీ చిక్కుకుపోతుంది. సరుకు దిగినప్పుడు కొంత, బిగింపు సమయంలో మరికొంత వసూలు చేసుకుంటే అప్పుల బెడద తగ్గుతుంది.

ఉద్యం నమోదు ఉచితం. సేవల వార్షిక టర్నోవరు రూ.20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం కింద అర్హులైన వడ్రంగులకు పూచీకత్తు లేకుండా 5 శాతం వడ్డీకి తొలి విడత రూ.1 లక్ష, మలి విడత రూ.2 లక్షల వరకు రుణం పొందే వీలుంది.