ఆరు చుక్కల్లో తెలుగు

చూపులేనివాళ్లకు ప్రభుత్వం ఏం చేసిందని అడిగితే చాలామంది పింఛను, బస్సు పాసు అంటారు. నేను 1951 అంటాను. మన దేశ భాషలన్నిటికీ కలిపి ఒకే చుక్కల లిపి, భారతి బ్రెయిలీ, ఖాయమైన ఏడాది అది. నాకు చూపు లేదు. అంధుల బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆ లిపే లేకపోతే నాకు చదువూ లేదు, ఉద్యోగమూ లేదు.

లూయీ బ్రెయిలీ తన పద్ధతిని 1824 నాటికే సిద్ధం చేసుకున్నాడు. మన దగ్గరికి అది మిషనరీల వెంట వచ్చింది. 1887లో అమృత్‌సర్‌లో ఆనీ షార్ప్ తొలి అంధుల బడి తెరిచింది. ఆ తర్వాత ఎవరి బాట వాళ్లదే. పాళయంకోట్టైలో ఆస్క్‌విత్ దొరసాని తమిళానికి ఒక పద్ధతి పెట్టుకుంది. మైసూరుది ఇంకొకటి. కలకత్తాలో లాల్ బిహారీ షాది వేరు, గుజరాతీకి నీల్‌కంఠ్‌రాయ్ చేసింది వేరు. అవే చుక్కలు ఒక బడిలో ఒక అక్షరం, ఇంకో బడిలో మరో అక్షరం. పుస్తకం అచ్చేస్తే చదవగలిగేది ఆ పద్ధతి నేర్చినవాళ్లే. అంత కొద్దిమంది కోసం అచ్చుయంత్రం ఎవరు పెడతారు?

స్వాతంత్ర్యానికి ముందే అందరికీ ఒకే లిపి కోసం ఒక ప్రయత్నం జరిగింది. అది అందరికీ నచ్చలేదు. మన ధ్వనులకు మన సొంత వరస ఉండాలా, ప్రపంచంతో కలిసి నడవాలా అన్నది అసలు తగవు. 1949లో భారత ప్రభుత్వం ఈ చిక్కు విప్పమని యునెస్కోకు రాసింది. ఆ పని చూసిన క్లూతా మెకెంజీ న్యూజిలాండ్ మనిషి. 1915లో గల్లిపోలీ యుద్ధంలో చూపు పోగొట్టుకున్నాడు, డెహ్రాడూన్‌లో చూపుపోయిన సైనికుల మధ్య పనిచేశాడు. మన విద్యాశాఖలో లాల్ అద్వానీ ఉన్నారు, ఆయనకూ చూపు లేదు. 1950లో పారిస్‌లో, మరుసటి ఏడు బేరూత్‌లో మాట్లాడుకుని తేల్చారు. మా లిపి సంగతి తేల్చినవాళ్లలో వేళ్లతో చదివేవాళ్లు ఉండటం నాకు ఎప్పటికీ గర్వమే.

తేల్చిన సూత్రం ఇది: ఒక ధ్వనికి ఏ భాషలోనైనా అవే చుక్కలు, వీలైనంతవరకు ఇంగ్లీషు బ్రెయిలీతో కలుస్తూ. క అంటే ఒకటో చుక్క, మూడో చుక్క. హిందీలోనూ అంతే, ఇంగ్లీషు కే కూడా అదే. హిందీకి అక్కర్లేని మన ఎ, ఒ లకు విడిగా చోటిచ్చారు. గుడులు, కొమ్ములు, ఏత్వాలు లేవు. కి రాయాలంటే క పక్కన ఇ. ఒత్తు కిందికి వేలాడదు, ముందు నాలుగో చుక్క పెడితే చాలు. అమ్మ అంటే అ, నాలుగో చుక్క, మ, మ. ఒక్క చోట మాత్రం ప్రతి పిల్లా తడబడేది: అంకెకు ముందు పెట్టే గుర్తూ, ణ అక్షరమూ ఒకటే. పైగా స్లేటు మీద స్టైలస్‌తో కుడి నుంచి ఎడమకు పొడవాలి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదవాలి. పిల్లలు దానికి తొందరగానే అలవాటుపడతారు, భయపడేది తల్లిదండ్రులు.

లిపి ఖాయమైన ఏడాదే డెహ్రాడూన్‌లో సెంట్రల్ బ్రెయిలీ ప్రెస్ మొదలైంది. మామూలు పాఠ్యపుస్తకం ఒకటి బ్రెయిలీలో కొన్ని లావుపాటి సంపుటాలవుతుంది. వాటికి తపాలా ఖర్చు లేదు, ఏడు కిలోల దాకా ఉచితం. మా ఊరి పోస్టుమన్ అంత బరువు సైకిలు మీద కట్టుకొచ్చి, "మీ రామాయణం వచ్చిందమ్మా" అని అరుగు మీద దించేవాడు. లోపల సాంఘికశాస్త్రం ఉన్నా ఆయనకది రామాయణమే.

ఇప్పుడు ఫోను చదివి వినిపిస్తుంది. నేనూ వాడతాను, మంచిదే. కానీ చెవితోనే చదువుకున్న పిల్లలు భాషను బాష అని రాస్తున్నారు. శ, ష, స తేడా వాళ్లకు తెలియడం లేదు. బ్రెయిలీ వచ్చిన టీచర్లను తయారుచేసి నియమించాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం స్పష్టంగా చెప్పింది. ఫోను ఇచ్చాం కదా అని ఆ పోస్టులు ఖాళీగా వదిలేస్తే నాకు కడుపు మండుతుంది.

చుక్కలు బడి దాటి బయటికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఓటింగ్ యంత్రం మీద బ్రెయిలీ అంకెలను ప్రయోగంగా మొదట పెట్టింది మన హైదరాబాదులోనే, 2004లో ఆసిఫ్‌నగర్ ఉపఎన్నికలో. 2009 లోక్‌సభ ఎన్నికలకు దేశమంతా పెట్టారు. అంతకుముందు నా ఓటు మా అన్నయ్య నొక్కేవాడు. ఎవరికి నొక్కాడో ఆయన చెప్పిందే నాకు తెలిసేది. ఆ ఏడు మాత్రం బ్రెయిలీలో ఉన్న అభ్యర్థుల పట్టిక తడిమి, నాకు కావలసిన పేరు పక్కన అంకె చూసుకుని, యంత్రం మీద అదే అంకె వెతికి నేనే నొక్కాను. ఎవరికి వేశావని అన్నయ్య దారిపొడుగునా అడిగాడు. చెప్పలేదు.