ఆటోమేటిక్ కారుకు క్లచ్ పెడితే ఎంతవుతుంది?

1939 చివర్లో అమెరికాలోని ఓల్డ్స్‌మొబైల్ సంస్థ తన 1940 నమూనా కార్లతో పాటు ఒక కొత్త సౌకర్యాన్ని అమ్మకానికి పెట్టింది. కారు ధర మీద అదనంగా 57 డాలర్లు చెల్లిస్తే కారులో క్లచ్ పెడలు ఉండదు, గేర్లు వాటంతటవే మారతాయి. దాని పేరు హైడ్రామాటిక్. పెద్ద ఎత్తున తయారై జనం చేతికి వచ్చిన తొలి పూర్తి ఆటోమేటిక్ గేరుబాక్సు అదే.

ఇప్పుడు విషయాన్ని తిరగేసి చూద్దాం. నేడు ఆటోమేటిక్ కారును తీసుకుని, దానికి క్లచ్, చేతి గేరు పెట్టించుకోవాలని ఎవరైనా అనుకుంటే అమెరికాలో కొన్ని వేల డాలర్లు వదిలించుకోవలసిందే. 1940 నాటి డాలరు విలువ వేరు కదా అనవచ్చు. నిజమే, ఆనాటి 57 డాలర్లంటే ఈనాటి లెక్కలో వెయ్యికి పైమాటే. అలా సరిచూసుకున్నా, ఒక సౌకర్యాన్ని పొందడానికి అయిన ఖర్చు కంటే దాన్ని వదులుకోవడానికి అయ్యే ఖర్చు ఎక్కువగా ఎందుకుంటోంది? సమాధానం కోసం గేర్ల పుట్టుక దాకా వెళ్ళాలి.

ఆవిరియంత్రం నిలిచి ఉన్న స్థితి నుంచే బలంగా తోయగలదు. పెట్రోలు ఇంజనుకు ఆ శక్తి లేదు. నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లయినా తిరుగుతుంటేనే అది బతికి ఉంటుంది. చక్రాలతో శాశ్వతంగా ముడివేస్తే, చక్రాలు ఆగినప్పుడల్లా ఇంజనూ ఆగిపోతుంది. అందుచేత రెండింటి మధ్యా తెంచి మళ్ళీ కలపగల సంబంధం ఒకటి కావాలి. అదే క్లచ్. ఇక గేర్ల పని, ఇంజను వేగాన్ని తగ్గించి ఆ మేరకు తిప్పే బలాన్ని, అంటే టార్కును పెంచడం. 1890ల తొలినాళ్ళలో ఫ్రాన్సులో ఎమీల్ లెవసోర్ తన కార్లలో ముందు ఇంజను, దాని వెనక క్లచ్, ఆ వెనక ఒకదాని పక్కకు ఒకటి జరిగే పళ్ళచక్రాలు అమర్చాడు. పళ్ళు పళ్ళతో కొట్టుకుని కీచుమనేవి. మోటుగానే ఉంది, కానీ పనిచేస్తోంది అని ఆయన అన్నట్టు చెబుతారు.

ఆ మోటుదనం చాలాకాలం సాగింది. వేర్వేరు వేగాలతో తిరుగుతున్న రెండు చక్రాల పళ్ళను కలపాలంటే ముందు వాటి వేగాలు సమానం కావాలి. ఆ పని డ్రైవరే చెవితో విని, కాలితో సరిచేసి చూసుకోవలసి వచ్చేది. 1928లో క్యాడిలాక్ కార్లలో వచ్చిన సింక్రోమెష్ ఈ బాధను తీర్చింది. పళ్ళు కలిసేలోపే శంకువు ఆకారపు చిన్న భాగాలు ఒరుసుకుని వేగాలను సమానం చేస్తాయి. దీన్ని రూపొందించిన ఎర్ల్ థాంప్సన్ అక్కడితో ఆగలేదు. కొన్నేళ్ళకు హైడ్రామాటిక్ రూపకల్పనకు నాయకత్వం వహించింది కూడా ఆయనే. చేతి గేరును సులభం చేసినవాడే దాన్ని అనవసరం చేసే పనికి పూనుకున్నాడన్నమాట.

హైడ్రామాటిక్‌లో క్లచ్ స్థానాన్ని ఆక్రమించింది నూనె. ఈ ఆలోచన కార్ల లోకంలో పుట్టలేదు. ఓడల్లో ఆవిరి టర్బైను మహావేగంగా తిరుగుతుంది, నీటిలోని పంకా నెమ్మదిగా తిరగాలి. ఈ రెండింటినీ ద్రవంతో జతపరచే పద్ధతికి 1905లో జర్మనీలో హెర్మన్ ఫొట్టింగర్ పేటెంటు పొందాడు. కుండలో మజ్జిగను కవ్వంతో ఒకే దిక్కుగా తిప్పుతూ ఉంటే, కుండను పట్టుకునేవారు లేకపోతే అది కూడా తిరగబోతుంది. కవ్వం కుండను తాకలేదు, మజ్జిగే దాన్ని ఈడ్చింది. ఇంజను కవ్వమైతే గేరుబాక్సు కుండ. ఇంజను నెమ్మదిగా ఉన్నప్పుడు ద్రవం బలహీనంగా ఈడుస్తుంది కాబట్టి కారు నిలిచి ఉన్నా ఇంజను ఆగిపోదు. దీని వెనక సూర్యుని చుట్టూ గ్రహాల్లా ఒక పళ్ళచక్రం చుట్టూ మరికొన్ని తిరిగే అమరిక ఉండి, నూనె పీడనం సహాయంతో నాలుగు గేర్లు మారేవి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తేలిక ట్యాంకుల్లో కూడా హైడ్రామాటిక్‌లే వాడారు. 1948 బ్యూయిక్ కార్లతో వచ్చిన డైనాఫ్లో మరో అడుగు ముందుకు వేసింది. అందులోని టార్కు కన్వర్టరు బలాన్ని అందించడమే కాదు, కారు కదిలే క్షణంలో రెట్టింపుకు పైగా పెంచుతుంది కూడా.

ఒక గేరుబాక్సు స్థానంలో మరొకటి పెట్టడం ఎంత పనో 1953లో జనరల్ మోటార్స్‌కు తెలిసివచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 12న మిషిగన్ రాష్ట్రంలోని లివోనియాలో హైడ్రామాటిక్ కర్మాగారం కాలిపోయింది. ఇనుము కోసే గ్యాసు మంట నుంచి ఎగిరిన రవ్వలు మండే ద్రవం మీద పడ్డాయి. సుమారు 34 ఎకరాల కప్పు కింద ఉన్నదంతా కొన్ని గంటల్లో బూడిదైంది. కొందరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. క్యాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్, పాంటియాక్ కార్ల తయారీ ఇరకాటంలో పడింది. కంపెనీ చేతిలో ఉన్న ఇతర ఆటోమేటిక్‌లనే తెచ్చి, మొదటి రెండు రకాలకు బ్యూయిక్ వారి డైనాఫ్లోను, పాంటియాక్‌కు షెవర్లే వారి పవర్‌గ్లైడ్‌ను అమర్చారు. ఒకే యజమాని, స్వంత ఇంజనీర్లు, స్వంత కర్మాగారాలు. అయినా ఒక్కో ఇంజనుకు ఒక్కో రకంగా జతపరచవలసి వచ్చింది. చివరకు యుద్ధకాలంలో బాంబరు విమానాలు తయారైన విల్లో రన్ కర్మాగారంలో హైడ్రామాటిక్ తయారీని మళ్ళీ మొదలుపెట్టారు. ఇది ఆటోమేటిక్‌ను తీసి మరో ఆటోమేటిక్‌ను పెట్టిన కథ. దాన్ని తీసి క్లచ్ పెట్టాలంటే మార్చవలసినవి ఇంకా ఎక్కువ.

ఏమేం కావాలో చూడండి. టార్కు కన్వర్టరు నూనెతో నిండి బరువుగా ఉంటుంది కాబట్టి అదే ఫ్లైవీలు పని కూడా చేస్తుంది. దాన్ని ఇంజనుతో కలిపేది పలుచని రేకులాంటి పళ్ళెం మాత్రమే. క్లచ్ ప్లేటు ఒరుసుకోవడానికి నునుపైన ముఖం గల అసలైన ఫ్లైవీలు కొత్తగా కావాలి. దాని మీద క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు. గేరుబాక్సు ఇరుసు కొనను నిలబెట్టే చిన్న బేరింగుకు ఇంజను క్రాంకు చివర రంధ్రం ఉండాలి. ఆటోమేటిక్ కోసం తయారైన కొన్ని ఇంజన్లలో ఆ రంధ్రాన్ని తొలిచి ఉండరు. లోపల మూడో పెడలు, దాని నుంచి క్లచ్ దాకా నూనె గొట్టం లేదా తీగ, నేల మీద గేరు రాడ్డుకు కన్నం. గేరుబాక్సు పొడవు మారితే వెనక చక్రాలకు వెళ్ళే షాఫ్టును కోసి అతికించాలి. రేడియేటరులోకి వెళ్ళే నూనె గొట్టాలను మూసేయాలి. ఆటోమేటిక్ కారు గేరు పార్కింగులోనో న్యూట్రల్‌లోనో ఉంటే తప్ప స్టార్టు కాదు. ఆ తీగ సంగతి మరిచిపోతే, అంతా బిగించాక తాళం తిప్పినా ఉలుకూ పలుకూ ఉండదు. ఇంత చేసినా కారు మందకొడిగా కదలవచ్చు. కదిలేటప్పుడు కన్వర్టరు బలాన్ని పెంచుతుందన్న లెక్కతో ఇరుసు గేరు నిష్పత్తిని నిర్ణయించి ఉంటారు, క్లచ్‌కు ఆ గుణం లేదు.

వీటిని విడివిడిగా కొత్తవి కొంటే బిల్లు చూసి గుండె ఆగుతుంది. అందుకే ఈ పని తెలిసినవాళ్ళు అదే నమూనాలో చేతి గేరుతో వచ్చి, ప్రమాదంలో పాడైన కారును మొత్తంగా కొని, కావలసినవన్నీ దాని నుంచే విప్పుకుంటారు. మలేసియా వంటి దేశాల్లో జపాను పాత కార్ల ముందు సగాన్ని కోసి 'హాఫ్ కట్' పేరుతో అమ్మడం ఒక వ్యాపారమే. అయితే అన్నీ దొరికినా, విప్పి బిగించే మెకానిక్ రోజుల తరబడి పడే శ్రమకు కూలి కట్టక తప్పదు. చాలా సందర్భాల్లో సామాన్ల కంటే అదే బరువు. తయారీదారు రెండు రకాలూ అమ్మిన కారైతే పని సాధ్యం. ఒక్క ఆటోమేటిక్‌గానే తయారైనదైతే ఆ ఊసు మానుకోవడం మంచిది.

పై లెక్కంతా ఇనుముది. 1970ల వరకు అంతకుమించి లేదు. ఇంజను ఎంత కష్టపడుతోందో ఆటోమేటిక్‌కు తెలిపేది ఒక గాలి గొట్టమో, యాక్సిలరేటరు తీగో మాత్రమే. ఊడదీసి బిరడా పెడితే సరిపోయేది. 1980ల తొలినాళ్ళలో టొయోటా వంటి కంపెనీలు గేరు మార్చే నిర్ణయాన్ని ఎలక్ట్రానిక్ పెట్టెకు అప్పగించాయి. 1986లో బాష్ కంపెనీ క్యాన్ బస్సు అనే సమాచార మార్గాన్ని ప్రకటించింది. కారులోని చిన్న కంప్యూటర్లన్నీ రెండే తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి అది దారి. గేరు మారే క్షణంలో ఇంజను కాస్త తగ్గాలంటే గేరుబాక్సు కంప్యూటరు ఆ మాట ఈ దారిలోనే చెబుతుంది. గేరుబాక్సును తీసేస్తే ఆ గొంతు మూగబోతుంది. ఇంజను కంప్యూటరు దాన్ని లోపంగా భావించి, హెచ్చరిక దీపం వెలిగించి, శక్తిని తగ్గించేస్తుంది. అప్పుడిక స్పానరు పనికిరాదు. చేతి గేరు కారు ప్రోగ్రామును ఎక్కించాలి, తాళం రహస్య సంకేతాలను మళ్ళీ సరిపోల్చాలి. ఖర్చు ఇనుము నుంచి సమాచారానికి మారింది. సమాచారం స్క్రాపు దుకాణంలో తూకానికి దొరకదు.

మన దేశంలో ఇలాంటి పని తలపెట్టేవారికి చట్టం సంగతి కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు నమోదు పత్రంలోని వివరాలు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019లో సుప్రీం కోర్టు కూడా దీన్ని గట్టిగా సమర్థించింది. కాబట్టి రవాణా కార్యాలయాన్నీ, బీమా కంపెనీనీ ముందే అడిగి తెలుసుకోవాలి.

స్టీరింగు పక్కన చేతి గేరుతో అంబాసిడర్లు తిరిగిన మన రోడ్ల మీదికి ఆటోమేటిక్ విస్తారంగా వచ్చింది వేరే దారిలో. 2014లో మారుతి సంస్థ సెలెరియో కారును విడుదల చేసింది. ఇందులో టార్కు కన్వర్టరు లేదు, గ్రహచక్రాలు లేవు. మామూలు క్లచ్, మామూలు గేరుబాక్సు అలాగే ఉన్నాయి. క్లచ్ నొక్కి గేరు మార్చే పనిని మాత్రం కంప్యూటరు ఆజ్ఞతో నూనె పీడనం చేస్తుంది. ఆ పరికరాలు ఇటలీకి చెందిన మాగ్నెటి మారెల్లి కంపెనీవి. చేతి గేరు సెలెరియోతో పోలిస్తే అప్పట్లో ధరలో తేడా సుమారు 40 వేల రూపాయలే. ఉన్న గేరుబాక్సుకు చేతులు తగిలించారు తప్ప దాన్ని మార్చలేదు కనుకనే అంత తక్కువలో సాధ్యమైంది. ఇలాంటి కారును తిరిగి చేతి గేరుకు మార్చాలంటే పెడలు, గేరు రాడ్డు, తీగలు, ఇంజను కంప్యూటరు ప్రోగ్రాము తెచ్చుకోవలసిందే. లోపలి పళ్ళచక్రాలను మాత్రం ముట్టుకోనక్కర లేదు.