అలుగు మిగిలింది, పిడి మిగలలేదు: పాలకొల్లు కమ్మరం

పాలకొల్లులో 17వ శతాబ్దంలో స్థిరపడిన డచ్చివారు గోదావరి ప్రాంతం నుండి వస్త్రాలతో పాటు ఇనుము, ఉక్కు కూడా ఎగుమతి చేశారు. 1824 నాటి ఒప్పందంతో వారి స్థావరాలు ఆంగ్లేయుల పరమైనాయి. ఆ వర్తకపు లెక్కల్లో కమ్మరి చేసిన సరకు కనిపిస్తుంది, కమ్మరి కనిపించడు.

నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఉక్కును గురించి 1832లో వెలువడిన హెన్రీ వాయ్సీ వ్యాసం సైతం లోహానికే పరిమితం. కాని కత్తి వాడుకకు రావాలంటే పిడి కావాలి. కర్ర చెమ్మకు ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకొని చీలుతుంది. అందుకే పిడి మొదట పొన్ను తొడుగుతారు. కొమ్ము వేడికి మెత్తబడి, చల్లారాక ఇచ్చిన ఆకారంలో నిలుస్తుంది. కర్ర పుచ్చిపోతుంది, కొమ్మును పురుగు తింటుంది కనుక పాత కత్తులలో తరచు అలుగులే మిగులుతాయి. చరిత్ర రచన కూడా అలుగు వైపే మొగ్గింది.

నేడు అభిరుచిగా కత్తులు చేసుకొనేవారు ఈ పనిని తిరిగి చేపడుతున్నారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం జింక కొమ్ముల వ్యాపారం నిషిద్ధం కాగా, గేదె కొమ్ము వారికి ఆధారం. అలుగు, పొన్ను, దాగలి వంటి పదాలు నిఘంటువుల్లో ఉన్నాయి. వాటి వెనుకనున్న పని మాత్రం చేతుల్లో ఉన్నది. కొబ్బరి, కల్లుగీత కత్తులకు పిడులు వేసే డెల్టా పనివారి నుండి ఆ పదజాలాన్ని సేకరించడం తెలుగు పరిశోధన వాయిదా వేయరాని బాధ్యత.