చూరులో చిప్ప

కోనసీమలో కొబ్బరికాయకి కరువు లేదు. కొబ్బరి నూనెకి, పీచు తాళ్లకి పోగా మిగిలిన చిప్ప పాలేరుకి గ్లాసయింది. మా తాత తన చిప్పని కామందు పశువులసావిడి చూరులో దోపుకునేవాడు. ఎండపొద్దుకి దాన్ని కడుక్కుని వంగి పడితే, ఆ ఇంటావిడ అరుగు మీంచి చెయ్యెత్తి మజ్జిగ పోసేది. పైనించి పడే ధార సగం చిప్పలో, సగం మోచేతుల మీంచి నేలకి. మజ్జిగలో పీచు వగరు, చూరు మసి, పేడ వాసన. "దాహం తీరేదిరా, నోటికి మాత్రం సయించేది కాదు" అనేవాడు. ఆ ఇంటి మజ్జిగే మా మామ్మ ముంతలో పట్టుకొస్తే, మట్టి చల్లదనానికి రెండోసారి అడిగి తాగేవాడట.

గిన్నె మారితే రుచి మారుతుందని ఇప్పుడు శాస్త్రవేత్తలు రాస్తున్నారు. ఒకే స్ట్రాబెరీ మిఠాయిని తెల్ల కంచంలో, నల్ల కంచంలో పెట్టి చూశారు. తెల్ల కంచంలో తిన్నవాళ్లు ఎక్కువ తియ్యగా ఉందన్నారు. 2012లో అచ్చయిందా పరిశోధన. మా తాతకి ప్రయోగశాల అక్కర్లేకపోయింది.

చిప్ప దానంతటది పుట్టలేదు. చండాలుడు పగిలిన పాత్రల్లో తినాలని మనుస్మృతి పదో అధ్యాయం, 52వ శ్లోకంలోనే శాసించి పెట్టారు. కంచు చెంబు చల్లదనం, అరిటాకు మీద వేడన్నం పడ్డప్పుడు లేచే కమ్మటి వాసన, ఇవి కూడా ఆస్తే. పొలంలాగే వాటినీ మాకు పంచలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టా అంతా కాలవల కింద వరి పండింది. ఆ వరి నాటిన చేతుల్లో ఉన్నది చిప్పే.

అయితే పేటలో మా రుచులు మాకుండేవి. చింతపండు పులుసు సత్తుగిన్నెలో కాస్తే లోహం కంపు పట్టేస్తది. మామ్మ మట్టిదాకలోనే చేపలు వండేది. రాత్రి పులుసు తెల్లారి చద్దన్నంలోకి ఇంకా బావుండేది. తాటాకు డొప్పలో కల్లు తాగితే పచ్చాకు వాసన ముందు తగిలి, ఆ తర్వాత పులుపు తగిలేది. డొప్ప తాగి పారేసేది, ఎవరి ఎంగిలీ ఎవరికీ అంటదు. ఊరోళ్లు అది మాత్రం చూడలేదు!

టీకొట్లొచ్చాక చిప్ప సత్తుగ్లాసయింది. ఊరోళ్లకి గాజుగ్లాసులు బల్ల మీద బోర్లించి ఉండేవి. మావి బయట పందిరి రాటకి. సత్తు పెదవి కాల్చుద్ది, ఆరేదాకా ఆగితే మీగడ కడతది. గాజులో అయితే టీ రంగు కనపడుతుంది. సత్తులో ఏం పోశాడో తాగేదాకా తెలీదు. మా అయ్య డబ్బులూ ఇచ్చేవాడు, గ్లాసూ కడిగేవాడు.

హోటల్లో అందరికీ ఉంచిన పాత్రలు కులం పేరుతో వాడుకోనివ్వకపోవడం నేరమని 1955 అంటరానితనం నేరాల చట్టం నాలుగో సెక్షను చెప్పింది. 1976లో దానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. 2001లో జస్టిస్ పున్నయ్య కమిషన్ నివేదికలోనూ రెండు గ్లాసుల పద్ధతి ఉంది.

ఇప్పుడు కాగితం కప్పులొచ్చాయి. మొన్న పక్కూరి కొట్లో బల్ల మీద కూర్చున్నోళ్లకి గాజుగ్లాసిచ్చి నాకు కప్పందించాడు. "శుభ్రంగా ఉంటదండి" అన్నాడు. టీలో ప్లాస్టిక్కు పూత వాసన. గాజుగ్లాసులో పొయ్యమన్నాను. బల్ల మీదున్నోళ్ల మొహాలు ఒకసారి చూసి, పోశాడు.